మా బాపు దిగిన బాయి, నేను దిగిన బాయి

(బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. మా దగ్గర బాయి అంటే గని, బాపు అంటే నాన్న. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి, కూర్చోండి.

నన్ను జర్మనీలో చదువు గురించి మాట్లాడమన్నారు. పొద్దున్నుంచి చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వచ్చి కలిశారు. అందరూ అడిగినవి మూడే ప్రశ్నలు. ఎంత ఖర్చవుతుంది అక్కా? పార్ట్‌టైమ్ దొరుకుతుందా అక్కా? చదువయ్యాక ఉద్యోగం వస్తుందా అక్కా? ఈ మూడూ అడగాల్సినవే. అప్పు చేసి పిల్లలను పంపే ఇంట్లో ముందు ఇవే అడుగుతారు. మా ఇంట్లోనూ ఇవే అడిగారు. అందుకని ముందు వీటి సంగతి చెప్పేస్తాను. ఆ తర్వాత ఎవరూ అడగని సంగతి ఒకటి ఉంది. నేను అసలు చెప్పాలని వచ్చింది అది.

నేను 2023 అక్టోబరులో కెమ్నిట్జ్ వెళ్ళాను. జర్మనీ తూర్పు వైపు, సాక్సనీ రాష్ట్రంలో ఉంటుంది ఆ ఊరు. ప్రభుత్వ యూనివర్సిటీ, ట్యూషన్ ఫీజు లేదు. ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చంతా వేసి చూపించాలి. మా అప్పుడు 11,208 యూరోలు, అంటే దాదాపు పది లక్షల రూపాయలు. 2024 సెప్టెంబరు నుంచి 11,904 చేశారు. ఆ డబ్బు మనదే, కానీ ఒకేసారి తీసుకోనివ్వరు. నెలకింత అని విడుదల అవుతుంది. నాకు నెలకు 934 వచ్చేవి. గది అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్, తిండి, అన్నీ అందులోనే. ఇంకొకటి ఏపీఎస్. మన సర్టిఫికెట్లు అసలైనవా కాదా అని చూసి ఇచ్చే కాగితం. 2022 నవంబరు నుంచి తప్పనిసరి, 18,000 రూపాయలు కట్టాలి, చేతికి రావడానికి టైమ్ పడుతుంది. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు దీన్ని చివర్లో చూసుకోవచ్చు అన్నారు. ఆ మాట నమ్మి నాతో రావాల్సిన స్నేహితురాలు ఒక సెమిస్టర్ పోగొట్టుకుంది. మీరు అందరికంటే ముందు ఇదే పెట్టుకోండి. వెళ్ళాక రెండు వారాల్లో సిటీ ఆఫీసులో మన చిరునామా నమోదు చేయించాలి. ఆ కాగితం లేకపోతే అక్కడ ఏ పనీ ముందుకు కదలదు.

పార్ట్‌టైమ్ దొరుకుతుంది. ఏడాదికి 120 పూర్తి రోజులు చేయొచ్చు అనేవాళ్ళు, 2024 మార్చి నుంచి 140 చేశారు. ఆ ఏడాది కనీస కూలీ గంటకు 12 యూరోల 41 సెంట్లు. నేను పార్శిళ్ళ గోదాంలో రాత్రి షిఫ్టు చేశాను. ఉద్యోగం సంగతి మాత్రం సూటిగా చెప్తాను. కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, కానీ ఊరు జర్మన్‌లో ఉంటుంది. డాక్టరు దగ్గర, రైల్లో, ఇంటర్వ్యూలో, పక్కింటి వాళ్ళతో, అంతటా జర్మన్. ఇక్కడే బీ1 దాకా, అంటే రోజువారీ మాటలు సొంతంగా మాట్లాడుకునే స్థాయి దాకా, నేర్చుకుని వెళ్ళండి. అక్కడికి పోయాక తీరిక ఉండదు. నేను అక్కడ నేర్చుకున్నాను, చాలా కష్టపడ్డాను. ఈ మూడు ప్రశ్నల గురించి ఇంకేమన్నా ఉంటే చివర్లో అడగండి.

ఇప్పుడు అసలు సంగతి.

నేను దిగింది శనివారం సాయంత్రం. తెల్లవారితే ఆదివారం. అక్కడ ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, చట్టమే అట్లా ఉంది. ఆ సంగతి నాకు తెలియదు. గదిలో బియ్యం లేవు, పాలు లేవు. అమ్మ కట్టి ఇచ్చిన సకినాలు ఉన్నాయి. పొద్దున సకినాలు, మధ్యాహ్నం సకినాలు తిని, నీళ్ళు తాగి, ఊరు చూద్దామని బయటికి వెళ్ళాను. రోడ్డు మీద మనిషి లేడు. మన దగ్గర ఆదివారం ఎట్లా ఉంటుంది? చికెన్ షాపు ముందు లైను, చౌరస్తాలో జనం. అక్కడ నా చెప్పుల చప్పుడు నాకే వినపడుతోంది.

అట్లా నడుస్తూ నడుస్తూ ఊరి మధ్యకు వచ్చేసరికి ఎదురుగా ఒక తల. తల ఒక్కటే. ఏడు మీటర్ల ఎత్తు, కింద దిమ్మెతో కలిపితే పదమూడు మీటర్లు. కార్ల్ మార్క్స్ తల. ఆ ఊరిని 1953 నుంచి 1990 దాకా కార్ల్ మార్క్స్ నగరం అనే పిలిచారు. తూర్పు జర్మనీ కాలంలో, 1971లో ఆ విగ్రహం పెట్టారు. వెనక గోడ మీద నాలుగు భాషల్లో ఒకే మాట చెక్కి ఉంది. జర్మన్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్. ఏం మాటో చెప్పండి? ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. "ప్రపంచ కార్మికులారా, ఏకం కండి." చిన్నప్పుడు నేను కూడబలుక్కుని చదివిన గోడల్లో మా క్వార్టర్ల పక్క యూనియన్ ఆఫీసు గోడ ఒకటి. ఆ గోడ మీద ఈ మాటే ఉండేది. ఏడు వేల కిలోమీటర్ల అవతల, మనిషి కనపడని ఊళ్ళో, ఆకలితో నిలబడి, నేను ఆ రాతను తెలుగులో చదివాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికి అది ఇల్లు గుర్తొచ్చి వచ్చిన ఏడుపే అనుకున్నాను.

తర్వాత చలికాలం వచ్చింది. నవంబరు చివర్లో, డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. పొద్దున ఎనిమిది కావస్తే గానీ సూర్యుడు రాడు. ఆ మధ్యలో మనం ల్యాబ్‌లో ఉంటాం. వారంలో ఐదు రోజులు ఎండ ముఖం చూడం. ఇది మామూలు విషయం కాదమ్మా. చాలామంది పిల్లలు ఈ చీకట్లోనే దిగులు పడిపోతారు, ఇంటికి ఫోన్ చేసి బాగున్నాను అని అబద్ధం చెప్తారు. మీ పిల్లలు డిసెంబరులో పొడిపొడిగా మాట్లాడితే దయచేసి గట్టిగా అడగండి.

అట్లాంటి ఒక సాయంత్రం ల్యాబ్ నుంచి వస్తుంటే వీధిలో ప్రతి కిటికీలో దీపాలు. అన్నీ ఒకే తీరు. అర్ధచంద్రాకారంలో చెక్క చట్రం, దాని మీద వరసగా ఏడు దీపాలు. నిన్న లేవు, ఇవాళ ఉన్నాయి. వీధికి వీధి అట్లా వెలుగుతోంది. మా బిల్డింగ్‌లో కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది, ఆమె కిటికీలోనూ ఉంది. నా వచ్చీరాని జర్మన్‌లో అడిగాను, ఇదేమిటి అని. ఆమె నన్ను లోపలికి పిలిచి దగ్గరగా చూపించింది.

ఆ చట్రం మధ్యలో చిన్న చిన్న చెక్క బొమ్మలు ఉన్నాయి. గని కార్మికులు ఇద్దరు, చేతుల్లో సమ్మెటలు. ఒక పక్క చెక్క చెక్కే మనిషి. ఇంకో పక్క లేసు అల్లుతున్న ఆడమనిషి. ఆమె చెప్పింది, నేను అర్థం చేసుకున్నంత చెప్తాను. కెమ్నిట్జ్ దక్షిణాన కొండలు ఉన్నాయి, వాటి పేరే ఎర్ట్స్‌గెబిర్గె, అంటే ఖనిజాల కొండలు. వందల ఏళ్ళు అక్కడి మగవాళ్ళు గనుల్లో పనిచేశారు. చలికాలంలో తెల్లవారకముందే దిగేవాళ్ళు, పొద్దుగూకాక పైకి వచ్చేవాళ్ళు. వారాల తరబడి ఎండ చూసేవాళ్ళు కాదు. అందుకే ఆ కొండల్లో వెలుతురంటే అంత ప్రాణం. గనిలోంచి వచ్చే మనిషికి దూరం నుంచే కనపడాలని కిటికీలో దీపం పెడతారు. ఇంట్లో ఎంతమంది మగపిల్లలుంటే అన్ని గని కార్మికుల బొమ్మలు, ఎంతమంది ఆడపిల్లలుంటే అన్ని దేవదూతల బొమ్మలు కూడా పెట్టే ఆచారం ఉందట. బొమ్మ చేతుల్లో కూడా దీపాలే.

ఆమె భర్త ఆ కొండల్లోనే పనిచేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ సోవియట్ వాళ్ళ కోసం యురేనియం తవ్వారు, 1990 దాకా. ఆయన ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఆమె ఆ మాట చెప్పి ఊరుకుంది, నేనూ ఏమీ అడగలేదు. మన దగ్గర ఆ దగ్గు వినని ఇల్లు ఉందా?

నాతో గదిలో ఉండే అమ్మాయిది నరసాపురం దగ్గర పల్లె. ఆమెకు ఆ బొమ్మల్లో లేసు అల్లే ఆడమనిషి కనిపించింది. వాళ్ళ అమ్మమ్మ లేసు అల్లుతుందట, కొక్కెం సూదితో. ఇక్కడి వాళ్ళు చెక్క పుల్లలకు దారం చుట్టి, దిండు మీద పెట్టి అల్లుతారు. గనుల్లో రాబడి పడిపోయినప్పుడు ఆడవాళ్ళు లేసు అల్లి ఇల్లు గడిపారని పెద్దావిడ చెప్పింది. ఆమె తన దిండు తెచ్చి చూపించింది, మా ఫ్రెండ్ ఫోన్‌లో వాళ్ళ అమ్మమ్మ పని చూపించింది. ఇద్దరికీ భాష కలవదు. గంటసేపు ముడులు చూపించుకుంటూ కూర్చున్నారు.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేశాను. మన దగ్గర అప్పటికి రాత్రి పన్నెండు దాటింది, చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. బాపు భయపడి ఎత్తాడు. ఏం లేదు బాపూ, ఇక్కడ కిటికీల్లో నీలాంటి వాళ్ళ బొమ్మలు పెట్టుకున్నారు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దీపం టోపీకి ఉందా, చేతిల ఉందా బిడ్డా?" అని అడిగాడు. చేతిలో ఉంది అన్నాను. "అయితే పాత కాలం బాయి" అన్నాడు.

అప్పటిదాకా నేను, బాపు ఫోన్‌లో ఏం మాట్లాడుకునేవాళ్ళం? తిన్నవా? తిన్నా. పైసలున్నయా? ఉన్నయి. అమ్మకిస్తున్న. అంతే. పదిహేడేళ్ళు ఆయన షిఫ్టులను బట్టి మా ఇంట్లో అన్నం, నిద్ర, చప్పుడు నడిచాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే మేము గుసగుసలాడేవాళ్ళం. కానీ ఆయన లోపల ఏం చేస్తాడో నేను ఒక్కరోజు అడగలేదు. మీలో ఎంతమంది అడిగారు? చేతులెత్తకండి, ఊరికే ఆలోచించండి.

ఆ రోజు నుంచి నా ప్రయాణాలు మారిపోయాయి. 2023 మేలో జర్మనీలో ఒక టికెట్ మొదలైంది. నెలకు 49 యూరోలు, దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రాములు ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు. వేగంగా పోయే ఐసీఈ లాంటి రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. ఇప్పుడది 63 అయింది, అయినా మంచి టికెట్టే. టికెట్ ఫోన్‌లో ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చార్జింగ్ ఉంచుకోండి. ఒకసారి నా ఫోన్ ఆఫ్ అయిపోయింది, చెకింగ్ వచ్చింది. టికెట్ చూపించకపోతే 60 యూరోలు రాస్తారు. టెన్షన్‌తో నోట మాట రాలేదు. మన పేరు మీద ఉన్న టికెట్ కాబట్టి తర్వాత చూపిస్తే ఏడు యూరోలతో పోయింది. పవర్ బ్యాంక్, పాస్‌పోర్టో రెసిడెన్స్ కార్డో, పులిహోర డబ్బా. ఈ మూడూ లేకుండా రైలెక్కకండి.

తోటి పిల్లలు పారిస్, ప్రాగ్ వెళ్ళారు. నేనూ ప్రాగ్ వెళ్ళాను, అందమైన ఊరే. కానీ నాకు గుర్తుండిపోయింది ఫ్రైబెర్గ్. కెమ్నిట్జ్ నుంచి రైల్లో ముప్పావు గంట. 1168లో అక్కడ వెండి దొరికింది. 1765లో గనుల చదువుకోసం యూనివర్సిటీ పెట్టారు, ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న గనుల యూనివర్సిటీల్లో అదే పాతది. 1886లో అక్కడి ప్రొఫెసర్ క్లెమెన్స్ వింక్లర్, దగ్గరి వెండి గనిలో దొరికిన రాయిలోంచి జెర్మేనియం కనిపెట్టాడు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. 1947లో చేసిన తొలి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతోనే చేశారు. బీటెక్‌లో నాలుగేళ్ళు ఆ పేరు రాశాను. అది గనిలోంచి వచ్చిందని, నాలాంటి ఇంటి మనిషి ఎవరో తట్టతో ఎత్తి ఉంటాడని ఎన్నడూ అనుకోలేదు.

ఫ్రైబెర్గ్‌లో ఒక పాత వెండి గని ఉంది, ఇప్పుడు విద్యార్థుల శిక్షణకు వాడతారు, చూడటానికి వచ్చినవాళ్ళను కూడా దింపుతారు. నేను టికెట్ కొన్నాను. హెల్మెట్ ఇచ్చారు, కోటు, బూట్లు, క్యాప్ ల్యాంప్ ఇచ్చారు. నడుముకు దాని బ్యాటరీ బరువు తగలగానే మా ఇంటి తలుపు వెనక మేకు గుర్తొచ్చింది. బాపు బెల్టు దానికే వేలాడేది.

చెల్లెళ్ళూ, ఒక్క మాట వినండి. నేను గోదావరిఖనిలో పుట్టాను, గోదావరిఖనిలో పెరిగాను. నా కింద నేలంతా గనులే. నేను ఒక్కసారి కూడా లోపలికి దిగలేదు. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు భూమి లోపల పని ఉండేది కాదు. 2019లో ఆ నిబంధన సడలించారు, టెక్నికల్, సూపర్‌వైజర్ పనులకు పగటి పూట దిగొచ్చు అన్నారు. అంతకుముందు మన ఆడవాళ్ళకు గని అంటే గేటు, సైరన్, ఇంటికి రావడం ఆలస్యమైతే గుండె దడ. అంతే. నేను మొదటిసారి గని దిగింది జర్మనీలో.

పంజరం లాంటి లిఫ్టులో నూట యాభై మీటర్లు కిందికి పోయాం. తలుపు తీయగానే చల్లటి తడి వాసన. ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. ఒకచోట గైడ్ అందరినీ దీపాలు ఆపమన్నాడు. అందరం ఆపాం. నా చెయ్యి నా ముఖం ముందు పెట్టుకున్నాను. చెయ్యి లేదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. రాత్రి చీకటి వేరు, అది వేరు. ఇందులోకి రోజూ మా బాపు సద్ది డబ్బా పట్టుకుని వెళ్ళేవాడు. మనుషులను దింపే చెయిర్‌లిఫ్ట్ రాకముందు ఇంక్లైన్‌లో, అంటే వాలు సొరంగంలో, నడిచి దిగేవాడు, ఎనిమిది గంటలు చేసి మళ్ళీ నడిచి ఎక్కేవాడు.

బయటికి వచ్చి స్టేషన్‌లో కూర్చుని ఫోన్ చేశాను. బాయి దిగిన బాపూ అన్నాను. "ఉక్కపోసిందా?" అన్నాడు. లేదు, చలి అన్నాను. ఆయన నమ్మలేదు. తర్వాత అడిగాడు: "పైకప్పు కొట్టి చూసినవా?" ఎందుకు కొట్టాలి అన్నాను. అప్పుడు చెప్పాడు. లోపలికి పోగానే కర్రతో పైన కొట్టి చూడాలట. గట్టిగా, గల్లున మోగితే బండ బాగున్నట్టు. డొల్ల మోత వస్తే పొర విడిపోయినట్టు, దాని కింద నిలబడొద్దు. ఒక చెయ్యి బండకు ఆనించి, ఇంకో చేత్తో కొట్టాలి, చెవికి తెలియనిది అరచేతికి తెలుస్తుందట. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన అరచేతికి తెలిసిన సంగతి నాకు ఆ రోజు తెలిసింది. నలభై నిమిషాలు మాట్లాడాడు. మా బాపు నాతో నలభై నిమిషాలు మాట్లాడటం అదే మొదటిసారి. రైలు ఒకటి వెళ్ళిపోయింది, తర్వాతి రైలు ఎక్కాను.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఆయన కోసం కూడా చూశాను. లైప్‌జిగ్ పక్కన కోస్పుడెన్ చెరువు అని ఉంది. ఇసుక తీరం, పడవలు, పిల్లల ఈత. అది చెరువు కాదు, ఓసీ. గోధుమరంగు బొగ్గును పైనుంచే తవ్విన ఓపెన్‌కాస్ట్ గొయ్యి. తవ్వకం ఆపి, నీళ్ళు నింపి, 2000లో జనానికి తెరిచారు. తవ్వకంలో పోయిన ఊరి పేరే చెరువుకు పెట్టారు. ఆ పక్కనే స్టోర్మ్‌తాల్ అని ఇంకో చెరువు. దానికోసం కాదు, దాని అడుగున ఉన్న బొగ్గు కోసం మాగ్డెబోర్న్ అనే ఊరు ఖాళీ చేయించారు, చర్చి కూడా కూల్చేశారు. ఇప్పుడు ఆ నీళ్ళ మీద ఆ చర్చి గుర్తుగా తేలే కట్టడం ఒకటి పెట్టారు. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళ మధ్య చర్చి శిఖరం ఒక్కటే కనపడుతుంది. మన ఓసీల కింద పోయిన ఊళ్ళ పేర్లు మీకు తెలుసు. ఆ ఊళ్ళ గుర్తుగా మన మట్టి గుట్టల మధ్య ఏముంది? మీరు ఇంజనీర్లు అవుతారు కాబట్టి అడుగుతున్నాను. తవ్విన గొయ్యిని ఏం చెయ్యాలనేది కూడా ఒక చదువు. అక్కడ దాన్ని నేర్పిస్తారు.

ఎస్సెన్ దాకా కూడా వెళ్ళాను, పడమటి చివర. లోకల్ రైళ్ళు మారుతూ మారుతూ పది గంటలు దాటింది. త్సోల్‌ఫెరైన్ అనే పెద్ద బొగ్గు గని ఉంది అక్కడ, ఇప్పుడు ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ బోర్డు మీద గని మూసిన తేదీ చదివి ఆగిపోయాను. 1986 డిసెంబరు 23. డిసెంబరు 23 మనకేమిటి? సింగరేణి డే. 1920లో కంపెనీ పుట్టిన రోజు. మన దగ్గర జెండా ఎగరేసి స్వీట్లు పంచే రోజున, అక్కడివాళ్ళు ఆఖరి షిఫ్టు చేసి పైకి వచ్చారు. 2018 డిసెంబరులో బోట్రోప్ ఊళ్ళో దేశంలోని చివరి నల్లబొగ్గు గని కూడా మూసేశారు. ఆఖరి బొగ్గు పెళ్ళను కార్మికులు తీసుకెళ్ళి దేశాధ్యక్షుడి చేతిలో పెట్టారు.

ఎస్సెన్‌లో మాకు గని చూపించినాయన రిటైరైన కార్మికుడు. ఆయన తండ్రి టర్కీ నుంచి వచ్చాడు. 1961లో జర్మనీ, టర్కీ ఒప్పందం చేసుకున్నాయి, లక్షల మంది పనికి వచ్చారు. నేను గని కార్మికుడి కూతుర్ని అని చెప్పాను. అందరూ వెళ్ళిపోయాక ఆయన నన్ను ఆపి, మీ నాన్న పైకి వచ్చాక మొదట ఏం చేసేవాడు అని అడిగాడు. టీ తాగేవాడు అన్నాను. మేమూ టీయే, అన్నాడు. బయట ఎంత రంగు మనిషైనా లోపలి నుంచి వచ్చేటప్పుడు అందరం ఒకటే రంగు, మాకు ఆ గంటసేపు ఏ గొడవా లేదు అన్నాడు. ఆయన ఆ మాట ఎందుకన్నాడో నాకు అర్థమైంది. ట్రాములో నన్ను చూసి మీ దేశం పొమ్మన్న మనిషి నాకూ ఒకసారి ఎదురయ్యాడు. కెమ్నిట్జ్‌లో అట్లాంటివాళ్ళు ఉన్నారు, లేరని మీకు చెప్పను. ఆ రోజు భయమేసింది. ఇంటికి వస్తే కింది పెద్దావిడ నా ముఖం చూసి సంగతి అడిగింది. విని, కోటు వేసుకుని, మర్నాడు నాతో పాటు అదే ట్రాము ఎక్కి యూనివర్సిటీ దాకా వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి.

ఆ కొండల్లో ఒకరికొకరు ఎదురైతే "గ్లుక్ అవుఫ్" అంటారు. గని కార్మికుల పలకరింపు. మంచి ఖనిజం దొరకాలి, క్షేమంగా పైకి రావాలి అని దీవెన. గనులు మూసేసినా ఆ మాట పోలేదు. నేను వచ్చే ముందు రోజు ఆమె తన కిటికీలోని దీపాల చట్రం తీసి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. మీ నాన్నకు, అంది.

ఇదిగో, అదే ఇది. ఎవరైనా ఆ ప్లగ్ పెట్టండి. ఆ లైటు ఒక్కసారి ఆపండి తమ్ముడూ. ఆ... కనపడుతోందా వెనకవాళ్ళకు? వీళ్ళిద్దరే గని కార్మికులు. ఈమే లేసు అల్లే ఆమె.

ఆఖరి వరసలో తెల్ల చొక్కాతో కూర్చున్నాడే, ఆయనే మా బాపు. వీసా గురించి నన్ను అడగండి, చెప్తాను. పైకప్పు ఎట్లా కొట్టి చూడాలో మాత్రం ఆయన్ని అడగండి. బాపూ, ముందుకు రా.